సంగటి ముచ్చట



నేను భోజనప్రియురాలినని ఊరంతా ఎరుగును; కాదనను. తొండేభావిలో రైలెక్కి బెంగళూరు వెళ్ళినప్పుడెల్లా ఎం.టి.ఆర్. రవ్వ ఇడ్లీ తినకుండా తిరిగిరాను. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బియ్యం కరువైనప్పుడు దానిని తామే కనిపెట్టామని వారంటారు. మన మెట్టపొలాలకు రాగిని అలవరచినది కూడ కొరతయే, నీటి కొరత. అయితే మన పిల్లలు సంగటిని క్యారియరు మూత చాటున తింటున్నారు! నూరు గ్రాముల రాగులలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైబడి ఉన్నది. తెల్లబియ్యంలో అందులో పదోవంతైనా లేదు. కర్ణాటక ప్రభుత్వం 2024లో బడిపిల్లలకు రాగిమాల్టు ప్రారంభించింది. సంతోషమే, కాని పితికిన అనపపప్పు పులుసులో అద్ది, నమలకుండా మింగే ముద్ద రుచి వేరు. నేటి విందులో మొదట సంగటినే వడ్డిస్తారు. పెద్దలు ముందుగా తినండి. పిల్లలు చూస్తూ ఉంటారు.