జూన్ ఒకటిన పుట్టినవాళ్ళం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వారు నన్ను వంతెనల గురించి మాట్లాడమన్నారు. ముప్పయ్యేళ్ళుగా నేను చేస్తున్న పని అదే కాబట్టి బొమ్మలు కూడా సిద్ధం చేసుకొచ్చాను. కానీ పొద్దున్న ఇడ్లీల దగ్గర నిలబడ్డ అరగంటలో ముగ్గురు నన్ను పక్కకి పిలిచారు. ఒకరి అమ్మాయికి అమెరికా సంబంధం కుదిరి పెళ్ళయింది, వీసా ఇంటర్వ్యూ ఉంది. ఇంకొకరి కొడుకు అక్కడి పౌరుడు, కోడలు ఇక్కడ ఉంది. మూడో ఆయన సంగతి ఆయన చెప్పవద్దన్నారు, చెప్పను. ముగ్గురూ అడిగింది ఒకే మాట: "ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఏం చెప్పాలి?" వంతెనలు ఎక్కడికీ పోవు. ఇవాళ దీని గురించే మాట్లాడతాను. నేను లాయరును కాదు. ఆ దారిలో ఒకసారి నడిచినవాణ్ణి, అంతే.

మీలో చాలామందికి తెలుసు, నా మొదటి భార్య 2014లో పోయింది. 2018 ఫిబ్రవరిలో అన్నవరం కొండ మీద, స్వామి సన్నిధిలో, ఇరవై మంది మధ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను. నాకు యాభై, ఆవిడకి నలభై ఎనిమిది. ఆవిడకీ భర్త పోయి పన్నెండేళ్ళు. హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ వయసులో పెళ్ళంటే ఇద్దరికీ సిగ్గే. ఫొటోగ్రాఫరు వద్దన్నాం. మా బావమరిది ఫోన్‌లో తీసినవి పదకొండు ఫొటోలు, వాటిలో రెండింటిలో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. మా అమ్మాయి రాలేదు. రమ్మని గట్టిగా అడగడానికి నాకూ నోరు రాలేదు.

ఇలాంటి పెళ్ళిని కాగితాల మీద రుజువు చెయ్యాలి. మొదట అర్థం కావలసింది అదే. పెళ్ళి జరిగిందా అన్నది వాళ్ళకి చిన్న ప్రశ్న. ఆ పెళ్ళి కాపురం కోసమా, గ్రీన్‌కార్డు కోసమా అన్నది అసలు ప్రశ్న. 1986లో అక్కడ దీనికోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. దొంగ పెళ్ళి అని తేలితే ఐదేళ్ళ వరకూ జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకూ జరిమానా ఉన్నాయి. ఆ మచ్చ ఒకసారి పడితే తరువాత నిజంగా ఇంకొకరిని పెళ్ళాడినా ఆ దారి తెరుచుకోదు.

నేను అక్కడి పౌరుణ్ణి కాబట్టి ఐ-130 అనే దరఖాస్తు నేనే పెట్టాను. పౌరుడి భార్యకి సంఖ్యాపరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్ళ భార్యలకి పరిమితి ఉంది, వరసలో ఆగాలి. సంబంధాలు చూసేటప్పుడు ఈ తేడా కనుక్కోండి. "అక్కడ సెటిలయ్యాడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి.

అది ఆమోదమయ్యాక కాగితాల పర్వం. మా పెళ్ళిని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించాం. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం అది తప్పనిసరి, అయినా మనలో ఎంతమంది చేయించుకున్నారో చేతులెత్తమని అడగను. ఆవిడకి పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీసు క్లియరెన్సు. నా ఆదాయం అక్కడి పేదరికపు గీతకి నూట ఇరవై ఐదు శాతం తగ్గకుండా ఉందని, ఆవిణ్ణి నేను పోషిస్తానని ఐ-864 అనే హామీపత్రం. ఇద్దరి మొదటి పెళ్ళిళ్ళూ ముగిశాయనడానికి మరణ ధ్రువపత్రాలు. ఇక్కడొచ్చింది చిక్కు. ఆవిడ మొదటి భర్త మరణపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, పెళ్ళినాటి కాగితాల్లో పూర్తిగా ఉంది, రేషను కార్డులో అసలు లేదు. మనకి ముగ్గురూ ఒకరే. అక్కడి గుమస్తాకి ముగ్గురు మనుషులు. ఇద్దరి చేత నోటరీ అఫిడవిట్ రాయించి ఆ ముగ్గురినీ ఒకర్ని చేశాం.

ఇక జనన ధ్రువపత్రం. మాస్టారూ, ఇది మీరు వినాలి.

మా ఆవిడ పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. నమోదు లేదని పంచాయతీ నుంచి ఒక పత్రం తెచ్చుకుని, దానికి బడి సర్టిఫికెట్టు, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. బడిలో ఆవిడ పుట్టినరోజు 1969 జూన్ 1. పదో తరగతి సర్టిఫికెట్టులో అదే, పాస్‌పోర్టులో అదే. మన క్లాసులో కూడా సగం మంది జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టినవాళ్ళమే కదా! ఒకటో తరగతిలో చేరడానికి ఐదేళ్ళు నిండాలి, పిల్లని బళ్ళో వెయ్యాలని తండ్రి తొందర. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి తేదీ రాసేవారు. నన్ను చేర్చినప్పుడు కూడా అంతే జరిగిందని మా అమ్మ చెప్పేది. ఎవర్నీ తప్పు పట్టడం లేదండి. ఆ తేదీ రాయకపోతే నేను ఇంకో ఏడాది గేదెల వెనక తిరిగేవాణ్ణి.

అఫిడవిట్ కోసం ఆవిడ పెద్దమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి. రాసుకెళ్ళిన కాగితం చదివి వినిపిస్తే, వేలిముద్ర వెయ్యడానికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "జూనేమిటి నాయనా? కాకినాడ తుఫానొచ్చి మా కప్పు లేచిపోయాక పుట్టింది ఇది. పురిటి మంచం మీద తాటాకులు కప్పాం" అంది. ఆ తుఫాను 1969 నవంబరులో వచ్చింది. అంటే ఐదు నెలల తేడా.

ఆ ఊరికి దగ్గరి టౌనులో ఇలాంటి ఫైళ్ళు తయారుచేసి పెట్టే ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర అన్నిటికీ జవాబుంది. "పెద్దావిడ్ని వదిలెయ్యండి, జూన్ అని చెప్పే ఇద్దర్ని నేను తెస్తాను. ఫొటోలు తక్కువున్నాయి, నలభై చేద్దాం. అమ్మాయి రాలేదా? పక్కన అతికిద్దాం, తెలీదు." చేతిలో వంద ప్రశ్నల జాబితా కూడా పెట్టాడు, జవాబులతో సహా. నిజం చెబుతున్నాను, నేను ఊగాను. పదహారు నెలలు మనిషి ఒకచోట, నేనొకచోట. ఇంకొక్క మెట్టు, అయిపోతే చాలనిపించింది. మా ఆవిడే ఫొటోలు తిరిగి సంచిలో పెట్టేసింది. "లేని పిల్లని పక్కన పెట్టుకుని నేను నవ్వలేనండీ" అంది. బస్సులో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అక్కడికి వెళ్ళాక తెలుసుకున్నది చెబుతున్నాను. అబద్ధపు కాగితం ఒక్కటి పట్టుబడితే దరఖాస్తు పోవడంతో ఆగదు. తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో జీవితకాలం ప్రవేశం లేకుండా పోవచ్చు. అదే తేదీ తేడా ఉందని మనమే ముందు చెబితే, అది సంజాయిషీ అడిగే విషయం మాత్రమే. అందుకని పెద్దమ్మ గారు చెప్పింది చెప్పినట్టే రాశాం: పుట్టిన ఏడు, ఊరు, తల్లిదండ్రులు ఇవి, ఇంట్లో తెలిసినది నవంబరు, బడిలో రాసినది జూన్ 1, అన్ని సర్కారు కాగితాల్లోనూ ఉన్నది జూన్ 1. అప్పుడు వేసింది వేలిముద్ర.

ప్రశ్నల జాబితా మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. జవాబుల కాగితం చింపేసి, ప్రశ్నలు ఉంచుకున్నాను. రాత్రి నాకు పది, ఆవిడకి తెల్లవారి ఏడున్నర. ఫోన్‌లో ఒకరినొకరం అడుక్కునేవాళ్ళం. మీ ఆయన ఆఫీసుకి ఎలా వెళతాడు, పొద్దున్నే ఏం తింటాడు, మందులేమైనా వాడతాడా. లెక్కల టీచరు కదా, నేను తడబడితే "మళ్ళీ చెప్పండి" అనేది. అలా అడుగుతూ ఒకరోజు "మీ మొదటి భార్య ఎలా చనిపోయారు?" అన్న ప్రశ్న దగ్గరికి వచ్చాం. జబ్బు పేరు ఆవిడకి తెలుసు. అంతకుమించి నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. పెళ్ళయి ఏడాది దాటింది అప్పటికి. "కాగితంలో ఉన్నది కాదు, జరిగింది చెప్పండి" అంది. ఆ రాత్రి రెండు గంటలు చెప్పాను. తరువాత ఆవిడ చెప్పింది, తన వైపు కథ. ఆ రోజు ఆవిడ బడికి ఆలస్యంగా వెళ్ళింది.

ఇంటర్వ్యూ 2019 జూలైలో, ముంబైలో. హైదరాబాద్‌లో కాన్సులేటు ఉన్నా వలస వీసాలకి ముంబై వెళ్ళవలసి వచ్చింది. ముందే వెళ్ళి వాళ్ళు చెప్పిన డాక్టర్ల దగ్గర వైద్య పరీక్ష, ఎక్స్‌రే, టీకాలు పూర్తి చేసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. దీనికి నాలుగైదు రోజులు పెట్టుకోండి, హడావిడి పడకండి. నేను సెలవు పెట్టి వచ్చాను గానీ లోపలికి వెళ్ళింది ఆవిడొక్కతే. ఫోను తీసుకెళ్ళనివ్వరు. బాంద్రా కుర్లా కాంప్లెక్సులో ఆ గేటు బయట, వానలో, ఒక గొడుగు, రెండు ఫోన్లు పట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో ఎన్నో వంతెనల మీద బరువు పరీక్షలు చూశాను. లారీలు నిలబెట్టి, ఎంత వంగిందో కొలుస్తాం. ఆ రోజు కొలవడానికి చేతిలో ఏమీ లేదు. మూడు టీలు తాగాను.

రెండున్నర గంటలకి బయటికి వచ్చింది. అందులో ఆఫీసరు ముందున్నది పది నిమిషాలే. కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేయించారట. ఎలా పరిచయం, ఎవరు ముందు అడిగారు, ఆయన ఏం పని చేస్తారు. ఆ తరువాత తేదీ సంగతి. "నీ అసలు పుట్టినరోజు ఏది?" అంటే, "బడిలో జూన్, ఇంట్లో తుఫాను" అందట. ఆఫీసరు నవ్వి అఫిడవిట్ చదివారట. ఆ తరువాత పెళ్ళి ఫొటోలు తిప్పుతూ, "ఆయన కూతురు ఏది ఇందులో?" అన్నారట.

"రాలేదు."

"ఎందుకు?"

"వాళ్ళ అమ్మ పోయి నాలుగేళ్ళే అయింది. ఆ స్థానంలో ఉంటే నేనైనా రాను."

ఆఫీసరు కాసేపు ఏదో టైపు చేసుకున్నారట. పాస్‌పోర్టు తీసుకుని, వీసా వస్తుందని చెప్పారట. నాకు ఇదంతా చెబుతున్నంతసేపూ ఆవిడ గొడుగు కిందకి సరిగ్గా రాలేదు, సగం తడిసింది.

మా పెళ్ళికి రెండేళ్ళు నిండలేదు కాబట్టి ఆవిడకి ఇచ్చింది రెండేళ్ళ షరతు కార్డు. అది ముగియడానికి ముందు తొంభై రోజుల లోపల, ఇద్దరూ కలిసి ఐ-751 పెట్టాలి. మేం 2021లో పెట్టాం. ఈ మాట ఆడపిల్లల తండ్రులు జాగ్రత్తగా వినండి. ఇద్దరూ కలిసి అన్నారని, ఆ రెండేళ్ళూ అల్లుడు ఏం చేసినా అమ్మాయి భరించాలని లేదు. హింస ఉంటే, విడాకులైతే, భర్త పోతే, ఆమె ఒక్కతే పెట్టుకునే వీలు అదే చట్టంలో ఉంది. అది తెలియక "సంతకం పెట్టనంటే ఏం చేస్తావ్" అన్న బెదిరింపుకి లొంగి బతికిన పిల్లని నేను చూశాను. కాగితాలు ఒక కాపీ అమ్మాయి దగ్గర విడిగా ఉంచండి. పెళ్ళి సర్టిఫికెట్టు కాపీ మీ బీరువాలో కూడా ఉంచండి.

ఆవిడ ఆఫీసరుతో అన్న మాట నేను మా అమ్మాయికి వెంటనే చెప్పలేదు. చెబితే వాడుకున్నట్టు ఉంటుందనిపించింది. చాలా నెలల తరువాత ఫోన్‌లో వేరే ఏదో మాట్లాడుతూ చెప్పేశాను. "అలా అందా?" అంది. ఇంకేం అనలేదు. ఆ తరువాత ఇంటికి ఫోను చేసినప్పుడు, నేను ఎత్తితే ఆవిణ్ణి అడుగుతోంది, చారుపొడిలో మిరియాలు ఎన్ని వెయ్యాలని. నా దగ్గర ఆ జవాబు ఎలాగూ లేదు.

మాస్టారూ, చిన్న విన్నపం. మన బడి పాత అడ్మిషను రిజిస్టర్లు చెద పట్టకముందే స్కాను చేయిద్దాం. ఆ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. స్టడీ సర్టిఫికెట్టు కోసం వచ్చేవాళ్ళకి ఒక పూటలో ఇవ్వగలిగితే చాలు. తేదీలు మాత్రం ఎవరూ దిద్దకండి, ఉన్నవి ఉన్నట్టే ఉండనివ్వండి.

పొద్దున్న అడిగిన ముగ్గురూ కాగితాలు తెచ్చుకోండి. భోజనాలయ్యాక పదో తరగతి గది అరుగు మీద ఉంటాను. మా ఆవిడ కూడా ఉంటుంది. నన్ను కాదు, ఆవిణ్ణే అడగండి.