తొమ్మిదవ సంఖ్య రహదారి

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ సభలో పాఠశాల ఫలితములను, అవసరములను విన్నవించుట నాకు అలవాటు. ఆ వివరములు కార్యదర్శిగారి నివేదికలో చక్కగా ఉన్నవి. కావున ఈ ఏడు మీతో మరియొక విషయము ముచ్చటింప దలచితిని. దీనికి కారకుడు మన అయిదవ తరగతి బాలుడొకడు. మొన్న భూగోళ పాఠము జరుగుచుండగా వాడు లేచి, "సారూ, మన ఊరి హైదరాబాదు సడకును మా తాత తొమ్మిదో నంబరు రోడ్డు అంటాడు. బోర్డు మీద అరువది అయిదు అని ఉంది. ఎవరిది తప్పు?" అని అడిగెను.

ఇద్దరిదీ తప్పు కాదని చెప్పితిని. కాని ఆ ఒక్క మాటతో నాకు తృప్తి కలుగలేదు. షోలాపూరులోని తెలుగువారిలో పెక్కుమందికి ఆ బాట పుట్టింటి బాట. దాని కథ మన పిల్లలకు తెలియవలదా?

మొదట దాని మార్గము చెప్పెదను. పూణెలో బయలుదేరి, ఇందాపూరు దాటి, భీమానదిని దాటి, మన షోలాపూరు చేరును. ఇచటి నుండి నల్‌దుర్గము, ఉమర్గా మీదుగా సాగి కర్ణాటకములో హుమనాబాదును తాకును. పిదప జహీరాబాదు వద్ద తెలంగాణమున ప్రవేశించి, సంగారెడ్డి మీదుగా హైదరాబాదు చేరును. అచటి నుండి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ దాటి ఆంధ్రప్రదేశములో జగ్గయ్యపేట, నందిగామల మీదుగా కృష్ణాతీరమున విజయవాడకు వచ్చి, తుదకు బందరులో సముద్రతీరమున ముగియును. పాత లెక్క ప్రకారము దీని పొడవు 841 కిలోమీటర్లు. అందు మహారాష్ట్రములో 336, కర్ణాటకములో 75, నాటి ఆంధ్రప్రదేశములో 430. నేడు ఈ ఒక్క బాట నాలుగు రాష్ట్రములను కలుపుచున్నది.

ఈ బాట అంతయు ఒక్కనాడు ఒక్కరు వేసినది కాదు. దీని తూర్పు భాగము మిక్కిలి ప్రాచీనము. గోల్కొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము వారికి ముఖ్యమైన రేవు. డచ్చివారు 1606లో, ఆంగ్లేయులు 1611లో అచట వర్తకస్థానములను నెలకొల్పిరి. అద్దకపు బట్టలు ఆ రేవు నుండి ఓడలెక్కెడివి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గోల్కొండ నుండి మచిలీపట్టణమునకు పోవు మజిలీలను తన యాత్రాగ్రంథమున వరుసగా వ్రాసియుంచెను. ఆ బాట ఒక చివర బందరు అద్దకము, మన వైపున షోలాపూరు చద్దరు! ఈ బాటకును బట్టకును గల చుట్టరికము నేటిది కాదు.

ఇక మన వైపు చూతము. షోలాపూరునకు రైలు 1860లో వచ్చెను. 1877లో మొదటి నూలు మిల్లు పని ప్రారంభించెను. మిల్లులు పెరిగిన కొలది పనివారు కావలసివచ్చిరి. తెలంగాణపు జిల్లాలలో మగ్గము నమ్ముకొని బ్రదుకుచుండిన పద్మశాలీలు, తక్కిన కులములవారు కుటుంబములతో ఇచటికి తరలిరి. కొందరు మిల్లులలో చేరిరి. కొందరు తమ ఇండ్లలోనే మగ్గములు వేసికొనిరి. ఒకరు కుదురుకొనిన పిమ్మట స్వగ్రామమునుండి అన్నదమ్ములను, బావమరదులను పిలిపించుకొనిరి. ఊరికి ఊరు ఇచట ఒక వాడయై నిలిచినది. మీలో చాలమంది పెద్దలు అట్లు వచ్చినవారి మనుమలే.

నాడు షోలాపూరు బొంబాయి రాజధానిలోనిది. నల్‌దుర్గము దగ్గర నిజాము రాజ్యము మొదలగును. బోరీ నది గట్టున నిలిచిన ఆ కోటను మీరందరు చూచియే యుందురు. 1853లో ఆ ప్రాంతమును నిజాము ఆంగ్లేయులకు అప్పగించెను. 1860లో అది మరల నిజామునకు వచ్చెను. అనగా బాట కదలలేదు గాని దానిమీది సరిహద్దు గీత మాత్రము జరుగుచు వచ్చెను.

1948 సెప్టెంబరు 13వ తేదీ తెల్లవారుజామున భారత సైన్యము షోలాపూరునుండి ఈ బాటనే హైదరాబాదు వైపు కదలెను. నల్‌దుర్గము వద్ద బోరీ నది వంతెనను కూలకుండ చేజిక్కించుకొనుట ఆనాటి తొలి కార్యములలో ఒకటి. ఉమర్గా, హుమనాబాదు, జహీరాబాదుల మీదుగా సాగిన ఆ దండయాత్ర అయిదు దినములలో ముగిసెను. 17వ తేదీన నిజాము యుద్ధవిరమణ ప్రకటించెను. 18వ తేదీన మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి హైదరాబాదు ప్రవేశించెను. నేడు మనము పెండ్లి బస్సులో పాటలు పాడుచు దాటు ఆ నదిని నాటి సైనికులు తుపాకుల నడుమ దాటిరి.

1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు హైదరాబాదు రాష్ట్రము మూడు భాగములాయెను. నల్‌దుర్గము, ఉమర్గా బొంబాయి రాష్ట్రమున చేరి, 1960లో మహారాష్ట్రములోనివాయెను. హుమనాబాదు మైసూరు రాష్ట్రమునకు పోయెను. జహీరాబాదు మొదలు తూర్పుభాగము ఆంధ్రప్రదేశమున కలిసెను. 2014లో తెలంగాణము వేరుపడెను. ఇన్ని మార్పులలోను బండి వచ్చెడి బాట ఒక్కటే.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము వచ్చిన పిదప ఈ బాటకు తొమ్మిదవ సంఖ్య స్థిరపడెను. అర్ధశతాబ్దికి పైగా లారీ తోలువారికిని, బస్సువారికిని, మన తాతలకును ఇది తొమ్మిదో నంబరే. 2010లో కేంద్రప్రభుత్వము దేశములోని జాతీయ రహదారులన్నిటికి కొత్త సంఖ్యలు ఏర్పరచెను. తూర్పు పడమరలుగా పోవు ముఖ్యమైన బాటలకు బేసి సంఖ్యలు, ఉత్తర దక్షిణములుగా పోవువానికి సరి సంఖ్యలు ఇచ్చిరి. బేసి సంఖ్యలు ఉత్తరమునుండి దక్షిణమునకు వచ్చిన కొలది పెరుగును. మన బాట దక్షిణాపథములోనిది గనుక దానికి 65 వచ్చెను. తొమ్మిదవ సంఖ్య నేడు ఢిల్లీ మీదుగా ఉత్తరాఖండమునకు పోవు వేరొక బాటది. తరువాత బాటను నాలుగు వరుసలుగా విస్తరించినపుడు సూర్యాపేట, కోదాడ వంటి ఊళ్లను తప్పించి బైపాసులు వేసిరి. ఊరి నడుమ నుండిన పాత ముక్క ఊరి వీధిగా మిగిలెను. వాహనములు దూరముగా పోవుచున్నను ఆ ఊరివారు తమ పాత వీధిని విడువలేదు.

తల్లిదండ్రులారా! ఈ కథ చెప్పుటలో నా మనస్సున మరియొక బాట గలదు. సంఖ్య మారిన బాటకు హాని లేదు. నడచువారు లేనిచో ఎంత గొప్ప సంఖ్య యున్నను గడ్డి మొలచును. మన భాషకును అంతియే.

పరులను తప్పుపట్టుటకు ముందు నా ఇంటి మాట చెప్పెదను. నా కుమారుడు ఇదే బాటకు ఆవలి చివర పూణెలో ఉద్యోగము చేయుచున్నాడు. నాకు ఉత్తరము వ్రాయునపుడు తెలుగు మాటలనే ఆంగ్ల అక్షరములలో వ్రాసి పంపును. వాడు చిన్నవాడుగా ఉన్నపుడు ఇంగ్లీషు బడిలో చేర్చినది నేనే. ఇంట మాట్లాడుచున్నాడు గదా, చదువు వేరొక భాషలో వచ్చిన చాలునని తలచితిని. గత వైశాఖమున సూర్యాపేట ప్రాంతమునుండి మా బంధువుల శుభలేఖ వచ్చెను. వాడు దానిని చేతికి తీసికొని, త్రిప్పి చూచి, "నాన్నా, పెండ్లి ఎప్పుడు?" అని నన్ను అడిగెను. తేది, ముహూర్తము అన్నియు వాని చేతిలోనే ఉన్నవి. తెలుగు బడి పెద్దనైన నేను ఆ దినమున తల యెత్తలేకపోతిని.

మరాఠీ మనకు అన్నము పెట్టుచున్న నేల భాష. దానిని బాగుగ నేర్వవలెను. కన్నడము పొరుగు భాష. ఇంగ్లీషు ఉద్యోగమునకు వలయును. వీనిలో దేనిని వలదని నేను చెప్పను. వీని నడుమ తెలుగు చదువుటకును వ్రాయుటకును ఒక గంట మిగుల్చుడని మాత్రమే ప్రార్థించుచున్నాను. మన బడి తరగతులలో సంఖ్య తగ్గుచున్నది. నిండుట, నిండకపోవుట మీ చేతిలోనిది.

తుదకు ఒక చిన్న కోరిక. ఈ రాత్రి ఇంటికి పోయిన పిదప పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని మూడు సంగతులు చెప్పుడు: మన పెద్దలు ఏ ఊరివారు, ఈ సడకును ఏ చోట విడిచి ఆ ఊరికి మళ్లవలెను, మొట్టమొదట షోలాపూరు వచ్చినవారు ఎవరు. పిల్లలు వానిని ఒక పుట మించకుండ తెలుగులో వ్రాసి తేవలెను. తప్పులున్నను సరే. వానిని వచ్చే ఏటి సంచికలో అచ్చు వేయింతము.

ఆ అయిదవ తరగతి బాలుడు ఇదివరకే వ్రాసి తెచ్చినాడు. వాని పుటలో మొదటి వాక్యము ఇది: "మా ఊరికి పోవాలంటే చిట్యాల దగ్గర దిగాలి." అక్షరదోషము ఒకటియే ఉన్నది. దానిని దిద్దితిని.