కార్మిక సంఘము – దాని బలము, బాధ్యత
(గ్రామ కార్మికుల సభలో ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగము)



ఈ గ్రామమునుండి ప్రతిదినము ధాన్యపు మిల్లునకు, ఇటుక బట్టీకి, పట్టణమందలి కర్మాగారమునకు పనికై పోవువారెందరో కలరు. ఇంటివద్దనే బీడీలు చుట్టుచు జీవించు స్త్రీలును కలరు. "సంఘము పెట్టుకొనిన ఉన్న పని ఊడదా?" అని వీరిలో కొందరు భయపడుచుందురు. "సంఘమొకటి యున్నచో కోరినప్పుడెల్ల పని ఆపవచ్చును" అని మరికొందరు తొందరపడుచుందురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. సంఘబలము సమ్మెలో లేదు. సభ్యులు ఒక్కమాటపై నిలుచుటలోను, న్యాయమైన దానినే కోరుటలోను ఉన్నది. చరిత్రయే ఇందులకు సాక్ష్యము.

1917లో అహమ్మదాబాదు నగరమున ప్లేగు వ్యాపించినప్పుడు, కార్మికులు ఊరు విడిచి పోకుండుటకై మిల్లు యజమానులు ప్రత్యేకముగా బోనసు ఇచ్చిరి. వ్యాధి తగ్గిన పిమ్మట దానిని నిలుపదలచిరి. కాని అది యుద్ధకాలము. సరకుల ధరలు తగ్గలేదు. కార్మికులు 50 శాతము పెంపు కోరగా, యజమానులు 20 శాతమునకు మించి ఇయ్యమనిరి. గాంధీజీ లెక్కలు పరిశీలించి, 35 శాతము న్యాయమని తలంచి, కార్మికులచే కోర్కెను ఆ మేరకు తగ్గింపించిరి. ఇది గమనింపదగిన విషయము. అధికముగా అడుగుట బలమని ఆయన భావింపలేదు.

1918 ఫిబ్రవరి 22న మిల్లులు మూతపడెను. కార్మికులు సబర్మతీ తీరమున ఒక చెట్టునీడను సమావేశమగుచుండిరి. దౌర్జన్యము చేయరాదు, పనికి పోవువారిని బాధింపరాదు, భిక్షమెత్తరాదు, ఎన్నిదినములైనను మాట తప్పరాదు అనునవి వారి నియమములు. దినములు గడచినకొలది కొందరి పట్టు సడలసాగెను. అప్పుడు మార్చి 15న గాంధీజీ నిరాహారదీక్ష పూనిరి. మూడవ దినమున రాజీ కుదిరి, వివాదము మధ్యవర్తి చేతికి పోయెను. ఆచార్య ఆనందశంకర ధ్రువ తీర్పులో 35 శాతమే న్యాయమని తేలెను. తన దీక్ష యజమానులపై ఒత్తిడి యైనదనియు, అది ఒక లోపమనియు గాంధీజీయే తరువాత ఒప్పుకొనిరి. ఒక్క నాయకుని త్యాగముపైననే నిలుచు సంఘము పూర్తిగా బలపడినది కాదని మనము గ్రహింపవలెను.

ఆ వివాదమున యజమానుల పక్షమున అంబాలాల్ సారాభాయి, కార్మికుల పక్షమున ఆయన సోదరి అనసూయాబెన్ నిలిచిరి. పోరు వేతనమును గూర్చియే గాని మనుష్యులపై ద్వేషముతో కాదు. 1920లో అచ్చట "మజూర్ మహాజన్" అను సంఘము ఏర్పడెను.

ఇక మద్రాసు సంగతి. 1918 ఏప్రిల్ 27న అచ్చటి బట్టల మిల్లుల కార్మికులు బి.పి. వాడియా అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్ స్థాపించిరి. కొలదికాలమునకే యాజమాన్యము హైకోర్టునకెక్కి, పనికి పోవలదని కార్మికులను ప్రోత్సహింపకుండ సంఘ నాయకులపై ఉత్తర్వు పొందెను. సంఘమునకు చట్టరక్షణ లేనిచో దాని గతి యేమగునో దేశమునకెల్ల తెలిసెను. ఎన్.ఎం. జోషీ 1921లో కేంద్ర శాసనసభయందు ఈ విషయమున తీర్మానము ప్రవేశపెట్టిరి. 1926లో కార్మిక సంఘముల చట్టము వెలసెను.

2025 నవంబరు 21 నుండి దాని స్థానమున 2020 పారిశ్రామిక సంబంధముల స్మృతి అమలునకు వచ్చినది. 20 మంది గాని అంతకెక్కువమంది గాని పనిచేయుచోట ఇరుపక్షములకు సమాన స్థానముగల ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. పలు సంఘములున్నచోట 51 శాతము కార్మికుల మద్దతుగల సంఘమే చర్చలు జరుపును. సమ్మెకు 14 దినములు ముందుగా నోటీసు ఈయవలెను. ఇది సమ్మె హక్కును బిగించుచున్నదని పలు సంఘములు ఆక్షేపించినవి. అయినను సంఘములో చేరినందులకు ఒకనిని పనినుండి తొలగించుట నేటికిని చట్టవిరుద్ధమే. కావున భయపడవలదు.

తెలుగు కుటుంబమున జన్మించి, రైల్వే కార్మికుల నాయకుడై, 1952లో కేంద్ర కార్మికమంత్రియు, 1969లో రాష్ట్రపతియు నైన వి.వి. గిరిగారిని మీరెరుగుదురు. కోర్టు మెట్లెక్కుటకంటె ఇరుపక్షములును ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుట మేలని వారి విశ్వాసము. బ్యాంకు ఉద్యోగుల విషయమున వెలువడిన తీర్పును ప్రభుత్వము మార్చినప్పుడు, 1954లో వారు మంత్రిపదవినే విడిచిరి. తీర్పును గౌరవించుట కార్మికునకు మాత్రమేగాక అందరికిని ధర్మమే.

"మాకు ఒక యజమాని లేడు, మాకు సంఘమెట్లు?" అని స్త్రీలు అడుగవచ్చును. 1972లో అహమ్మదాబాదున ఇలా భట్ నాయకత్వమున స్వయముగా శ్రమించు స్త్రీలు "సేవా" సంఘమును నమోదు చేయింపబోగా, అధికారులు ఈ ఆక్షేపణయే చేసిరి. సంఘము యజమానికి ఎదురునిలుచుటకు మాత్రమే కాదు, శ్రమించువారి ఐక్యతకొరకు అని ఆ స్త్రీలు వాదించి, నమోదు సాధించిరి.

ఒక మిల్లులో ముప్పదిమంది హమాలీలు కలరనుకొనుడు. కోతల కాలమున ఒక ఉదయము కోపముతో బస్తాలు దించి వెడలిపోయిరి. కోర్కె వ్రాసి యిచ్చినవారు లేరు, నిధి లేదు. మూడవనాటికి ఇంట బియ్యము నిండుకొని సగముమంది మరలివత్తురు. మిగిలినవారికి పని పోవును. అట్లుగాక, కోతలకు నెల ముందే సభ జరిపి, బస్తాకు ఎంత కూలి న్యాయమో లెక్కగట్టి, కాగితముపై వ్రాసి, ముగ్గురిని మాటలాడుటకు పంపినచో ఏ యజమానియు దానిని తేలికగా త్రోసివేయలేడు.

కావున చందా చిన్నదైనను నెలనెల చెల్లింపుడు. రసీదు అడుగుడు. లెక్కలు సభలో చదివింపుడు. తీర్మానములను పుస్తకమునకెక్కింపుడు. కార్యదర్శిని మీలోనుండియే ఎన్నుకొనుడు. కులమును, పార్టీని సభ వాకిట విడిచిరండు. ఒప్పందము కుదిరిన పిమ్మట దానిని మీరు మొదట పాటింపుడు. అప్పుడే యజమాని తప్పినపుడు నిలదీయు హక్కు మీకుండును. పనిని శ్రద్ధతో చేయువాని మాటకు బరువు హెచ్చు.

సమ్మె అనునది ఇంటి చూరున దాచిన కొడవలివంటిది. అది యున్నదని అందరును ఎరుగవలెను; ప్రతి చిన్న తగవునకు దానిని తీయరాదు. చర్చయే సంఘము నిత్యము వాడవలసిన పనిముట్టు. అట్టి సంఘము మీ గ్రామమున నెలకొనుగాక!