ఓడినా మన జట్టే

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ విషయాలు కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. బరువైన సంగతుల తరువాత కాస్త తేలికగా ఉంటుందని నన్ను ఆటల గురించి మాట్లాడమన్నారు. తేలికో బరువో చివరకు మీరే చెప్పాలి.

నేను మాట్లాడబోయేది రంజీ ట్రోఫీలో ఆడే మన ఆంధ్రా క్రికెట్ జట్టు గురించి. ఐ.పి.ఎల్. గురించి మీ మనుమలకు నాకన్నా బాగా తెలుసు. రంజీ వేరు. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య జరిగే పోటీ అది. 1934-35లో మొదలయింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54 సీజనులోనే ఆంధ్రా జట్టు కూడా రంజీలో అడుగుపెట్టింది. మొదటి కెప్టెన్ ఎవరనుకున్నారు? భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్ అయిన సి.కె. నాయుడు గారు. అప్పటికి ఆయన వయసు 58. మనలో చాలామందిమి కుర్చీ ఖాళీ చేసి, దండ వేయించుకుని ఇంటికి వచ్చిన వయసది. ఆ వయసులో ఆయన ఒక కొత్త జట్టును నడిపించటానికి వచ్చారు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఇండోరులోని హోల్కర్ జట్టుకు ఆడారు. ఈ ఇండోరు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

డెబ్భై ఏళ్ళు దాటింది. ఆంధ్రా ఇంతవరకు రంజీ కప్పు గెలవలేదు. గెలుపు అంచు దాకా వెళ్ళి తిరిగి వచ్చిన రెండు సీజన్ల సంగతి చెబుతాను.

మొదటిది 2022-23. క్వార్టర్ ఫైనల్ ఇండోరులో. ఎదుట మధ్యప్రదేశ్, అంతకుముందు సంవత్సరం కప్పు గెలిచిన జట్టు. మన కెప్టెన్ కాకినాడలో పుట్టిన హనుమ విహారి. 16 పరుగుల మీద ఉండగా ఎగిరివచ్చిన బంతి తగిలి ఎడమచేతి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆయన బయటకు వెళ్ళారు. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 కొట్టి జట్టును నిలబెట్టారు. తొమ్మిది వికెట్లు పడ్డాక విహారి మళ్ళీ లోపలికి వచ్చారు. కుడిచేతి ఆటగాడు ఎడమచేతి వాటంగా తిరిగి నిలబడ్డారు. విరిగిన చెయ్యి బంతికి ఎదురు కాకూడదని అలా నిలబడి, చాలావరకు ఒంటి చేత్తోనే ఆడారు. స్కోరు 379కి చేరింది. మధ్యప్రదేశ్ 228కే అయిపోయింది.

ఇక్కడ ఒక నిబంధన తెలియాలి. రంజీ నాకౌట్ ఆట తేలకుండా ముగిస్తే, మొదటి ఇన్నింగ్సులో ఆధిక్యం ఉన్న జట్టే ముందుకు వెళుతుంది. మనకు 151 పరుగుల ఆధిక్యం ఉంది. కాలం గడిపితే చాలు. కాని రెండవ ఇన్నింగ్సులో 93కే కూలిపోయాము. అందులోనూ చివరి ఆటగాడుగా వచ్చి, అదే చేత్తో విహారి 15 చేశారు. మధ్యప్రదేశ్ అయిదు వికెట్ల తేడాతో గెలిచింది.

రెండవది 2023-24. మళ్ళీ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ ఇండోరు, మళ్ళీ మధ్యప్రదేశ్. వాళ్ళు 234, మనం 172. రెండవసారి వాళ్ళను 107కే పడగొట్టాము. నితీష్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్లు తీశాడు. మనకు కావలసినది 170. చివరి రోజు ఉదయానికి ఇంకా 75 పరుగులు చేయాలి, ఆరు వికెట్లు చేతిలో ఉన్నాయి. 165 దగ్గర ఆట ముగిసింది. నాలుగు పరుగుల తేడా! ఒక్క బౌండరీ పడి ఉంటే స్కోర్లు సమమయ్యేవి. ఆ సీజనులో దేశం మొత్తం మీద ఎక్కువ పరుగులు, 902, చేసినవాడు మన రికీ భుయ్. అయినా కప్పు దగ్గరకు చేరలేదు.

మరునాడు పార్కులో నడుస్తుంటే ఒక మిత్రుడు, "ఏం సార్, మీవాళ్ళు మళ్ళీ ఓడిపోయినారంట కదా, ఇంకా ఎందుకు సార్ చూసేది?" అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు చెబుతాను.

మనది సీమ. పోయిన ఏడు వేరుశనగ ఎండిపోయిన చేలోనే ఈ ఏడు తొలకరికి గొర్రు పట్టుకుని దిగుతాడు మన రైతు. కె.సి. కాల్వకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలియకపోయినా నారు పోసుకుంటాడు. మనమూ అంతే కదా. పైఆఫీసు కొర్రీ వేసి తిప్పి పంపిన ఫైలుకు మళ్ళీ నోటు రాసి పంపినవాళ్ళమే అందరమూ. ఓడిన చోటుకే మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి, అయిదు వికెట్ల ఓటమిని నాలుగు పరుగుల దాకా తెచ్చిన జట్టును నేను వదులుకోలేను. మనుషులు మారుతుంటారు. విహారి కూడా 2025లో త్రిపుర జట్టుకు వెళ్ళారు. జట్టు మాత్రం ఉంటుంది.

విత్తిన ప్రతి గింజా ఎండిపోలేదు కూడా. ఆ నితీష్ విశాఖ పిల్లవాడే అయినా, చిన్నతనంలో మన కడపలోని ఆంధ్రా క్రికెట్ సంఘం అకాడమీలో ఆట నేర్చుకున్నాడు. కొడుకు ఆట కోసం తండ్రి ఎన్నో ఏళ్ళ సర్వీసు మిగిలి ఉండగానే ఉద్యోగం వదులుకున్నారు. సర్వీసు విలువ తెలిసిన మనకు ఆ త్యాగం ఎంతటిదో వేరే చెప్పనక్కర లేదు. 2024 డిసెంబరులో మెల్‌బోర్నులో ఆస్ట్రేలియా మీద ఆ కుర్రాడు 114 పరుగులు చేశాడు. కడప జిల్లా ఎర్రమల్లె గ్రామం అమ్మాయి శ్రీచరణి, 2025లో మన మహిళలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ పోటీలో 14 వికెట్లు తీసింది.

కాబట్టి మిత్రులకు నా మనవి ఒక్కటే. కడప రాజారెడ్డి స్టేడియంలో ఎప్పుడు రంజీ ఆట జరిగినా, ఒక్క పూటయినా మనుమలను, మనుమరాండ్రను వెంటబెట్టుకుని వెళ్ళండి. టోపీ, మంచినీళ్ళ సీసా మరువకండి, మన ఎండ సంగతి మీకు తెలుసు. ఖాళీగా ఉన్న మెట్ల మీద కూర్చుని పది మంది పెద్దలు చప్పట్లు కొడితే, లోపల ఆడే పిల్లవాడికి అది వినబడుతుంది. గెలిచినవాడికి చప్పట్లు కొట్టడానికి లోకమంతా ఉంది. నాలుగు పరుగులతో ఓడినవాడికి సొంతవాళ్ళే కొట్టాలి.