తప్పు ఒప్పుకునే ఒక్క బిట్

 

కారు కిటికీ అద్దాన్ని దించే మోటారుకూ, సీటును జరిపే మోటారుకూ ఆజ్ఞలు చేరవేసే చవకైన తీగమార్గాన్ని లిన్, అంటే లోకల్ ఇంటర్‌కనెక్ట్ నెట్‌వర్క్ అంటారు. బాష్ సంస్థ 1986లో వెలువరించిన క్యాన్ అనే సందేశ పద్ధతికి సాధారణంగా రెండు తీగలు, నికరమైన గడియారం కావలసి రాగా, చిన్న పనులకు అంత ఖర్చు తగదని 1990ల చివర ఐరోపా కార్ల సంస్థలు కొన్ని కలిసి రూపొందించిన లిన్, ఒకే తీగపై సెకనుకు గరిష్ఠంగా 20 వేల బిట్లు పంపుతుంది.

ఇందులో సంభాషణను ఆరంభించే మాస్టర్ ఒకటే. పిలిస్తేనే పలికేవి స్లేవ్‌లు. స్లేవ్ కంట్రోలర్‌లోని చవక గడియారం 14 శాతం దాకా తప్పవచ్చు గనుక, మాస్టర్ ప్రతి సందేశానికీ ముందు కనీసం 13 బిట్ల కాలం తీగ వోల్టేజిని కిందికి లాగి పట్టి, ఆపై ఒకట్లూ సున్నాలూ ఒకదాని తరువాత ఒకటి వచ్చే బైటును పంపుతుంది. ఆ అంచుల మధ్య కాలాన్ని కొలుచుకుని స్లేవ్ తన వేగాన్ని సరిదిద్దుకుంటుంది.

ఈ ప్రసంగకర్తను ఏళ్లుగా వేధిస్తున్న బెంగ దీని తరువాతి మెట్టుకు సంబంధించినది. సందేశం చివర దాని నిజాన్ని తేల్చే చెక్‌సమ్ అనే బైటు ఉంటుంది; అది సరిపోకపోతే స్లేవ్ ఆ సందేశాన్ని వదిలేసి, తప్పుకు గుర్తుగా ఒక్క బిట్‌ను నిలిపి, తరువాత తన వంతు వచ్చినప్పుడు మాస్టర్‌కు తెలియజేస్తుంది. కొత్త ఇంజనీర్ల ప్రోగ్రాములు పరిశీలించిన ఈ వక్తకు పదేపదే కనిపించినది ఏమంటే, చెక్‌సమ్ సరిపోయిన దారి ముత్యాల్లా రాసి ఉంటుంది, సరిపోని దారి ఖాళీగా ఉంటుంది. పిల్లలు ఇంత తెలివైనవారై ఉండీ, పరీక్షగదిలో తీగ ఊడదీసి చూడకుండానే పని పూర్తయిందని సంతకం పెట్టడం ఏమి బుద్ధి? ఎండకు కాగి, వానకు తడిసే తలుపు లోపల ఆ తీగ ఏళ్ల తరబడి బతకాలి.

అతి చవకైన స్లేవ్ సైతం తన పొరపాటును దాచుకోకుండా చెప్పుకునేలా లిన్ రూపకర్తలు ఒక బిట్‌ను ఖర్చుపెట్టారు. నేడు పట్టా పుచ్చుకున్న ప్రతి ఒక్కరూ తమ తొలి ప్రోగ్రాములో ఆ ఖాళీ దారిని ముందుగా రాయాలి. తమ పనిలో తప్పు దొర్లిన రోజున పై అధికారి అడగకముందే చెప్పాలి.