ఇంటిల్లిపాది చూడదగిన చిత్రము

“ఇంటిల్లిపాది చూడదగిన చిత్రము” అని ప్రకటనలలో చదివినపుడెల్ల, ఆ ఇల్లు ఎవరిదని అడుగవలెనని మాకు తోచుచుండును. గద్వాలలోని ఇల్లా? వనపర్తిలోనిదా? నాగర్‌కర్నూలు చెంతనున్న పల్లెలోనిదా? ఆ ఇంట ఆదివారము ఆరాధనకు పోవు క్రైస్తవ కుటుంబ మున్నచో, ఆ తల్లిదండ్రులు ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చును?

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు వరకు మహబూబునగరు జిల్లాలోనివి. నేడు మూడును జిల్లా కేంద్రములు. 20వ శతాబ్ది తొలి దశకములలో ఉత్తర అమెరికానుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఈ ప్రాంతమున సంఘములను, బడులను, వైద్యశాలలను నెలకొల్పిరి. వారి సంప్రదాయమున ఆడంబరమునకు చోటు తక్కువ. చిత్రశాల లోకపు వేడుక యని వారు తలచిరి. వారి వెంట నడచిన మన పెద్దలును అట్లే తలచిరి. సినిమాకు పోయివచ్చిన కుర్రవాడు మరునాటి ఆరాధనలో వెనుక వరుసన తలవంచుకొని కూర్చుండుట ఎరిగినవారు నేటికిని కలరు.

నిషేధమునందు ఒక సుఖమున్నది. తల్లిదండ్రులు ఆలోచింప పనిలేదు. కాని నేడది సాగదు. చిత్రము ఒకప్పుడు ఊరి వెలుపలి డేరాలో నుండెను. పిమ్మట పట్టణపు హాలులో నుండెను. ఇప్పుడు టెలివిజను వెంట నట్టింటికిని, చేతిఫోను వెంట పిల్లవాని దుప్పటిలోనికిని వచ్చియున్నది. మూయుదమన్నను వాకిలి కానరాదు.

ప్రభుత్వమువారి ధ్రువపత్ర మున్నది గదా అని కొందరందురు. 1952 నాటి చలనచిత్ర చట్టము ననుసరించి చిత్రములకు ఆ పత్రము లభించుచున్నది. ‘యు’, ‘ఎ’ అను వర్గముల నడుమ 1983లో ‘యుఎ’ చేరెను. 2023 నాటి సవరణతో అది 7, 13, 16 ఏండ్ల మెట్లుగా విడివడెను. మేలైన మార్పే. అయినను ఆ పత్రము ప్రధానముగా చెప్పునది వయస్సును గూర్చి. రక్తపాత మెంత, మత్తుపదార్థ మెంత అని అది కొలువగలదు. ఎవరిని చూచి మన పిల్లలు నవ్వుదురో, ఎవరిని చూచి సిగ్గుపడుదురో అది కొలువజాలదు.

సిగ్గు మాట వచ్చినది గనుక ఇచ్చట ఒకమాట. బహుకాలము తెలుగు చిత్రములలో తెలంగాణపు పలుకు హాస్యగానికో, రౌడీకో దక్కినది, నాయకునికి దక్కలేదు. ఇటీవల ఈ దోషము తగ్గినది. అట్టి పాత చిత్రమును చూచిన పిల్లవాడు తన అవ్వ మాటలాడగా ముసిముసి నవ్వులు నవ్వినచో, ఆ చిత్రమునకు ‘యు’ పత్రమున్న నేమి? అట్లే కొన్ని దశకములపాటు మెడలో సిలువ, ‘రోజీ’ యను పేరు, క్లబ్బులో నాట్యము, ఈ మూడును ఒక మూసలో పోసిరి. ఆ పేరుగల బాలిక బడిలో ఏమి వినవలసి వచ్చునో ఆ రచయితలు తలచినట్లు లేదు. ముద్దు దృశ్యము వచ్చినపుడు ఛానలు మార్చు తల్లిదండ్రులు ఇట్టివి వచ్చినపుడు మార్చరు. ఇది మాకు వింతగా తోచును.

ఇక మా యింట జరిగినది చెప్పుదుము. ఒక ఆదివారము మధ్యాహ్నము టెలివిజనులో ‘మిస్సమ్మ’ వచ్చెను. 1955 జనవరిలో విడుదలైన విజయావారి చిత్రము, దర్శకులు ఎల్.వి. ప్రసాద్. మా తల్లిగారు వనపర్తి సంఘమున పెరిగినవారు, చిన్ననాట సినిమా యెరుగరు. వారును, పదేండ్ల మా అమ్మాయియు, మేమును కలసి చూచితిమి. కథ తెలిసినదే. దంపతులైన ఉపాధ్యాయులే కావలెనని ఒక జమీందారు ప్రకటింపగా, అప్పులబాధ పడలేక మేరీయను క్రైస్తవ కన్య, నిరుద్యోగియైన ఎం.టి. రావుతో కలసి దంపతులమని బొంకి ఉద్యోగమున చేరును. సావిత్రి, రామారావు, రంగారావు, నాగేశ్వరరావు, జమున, రేలంగి, రమణారెడ్డి, అందరును అందరే. అశ్లీలమునకు తావులేదు. తుదకు మేరీ ఆ జమీందారుగారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మియని తేలును, కథ సుఖాంతమగును.

మేము నవ్వుచు లేచుచుండగా మా అమ్మాయి అడిగినది: “నాయనా, మేరీ ఇంక చర్చికి పోదా?”

వెంటనే ఉత్తరము తోచలేదు. పాత హాస్యచిత్రమమ్మా అని దాటవేయబోతిమి. అది తప్పు. ఇట్టి చిత్రము మనకు తగదని కట్టివేయుటయు అంతే తప్పు. ఆ చిత్రము క్రైస్తవులను కించపరచలేదు. మేరీ చదువరి, అభిమానవతి; క్లబ్బులో నాట్యమాడు రోజీ కాదు. ఆమెను పెంచిన పాల్ దంపతులు ఆదరము పొందిరి. అప్పు సాకుతో ఆమెను పెండ్లాడ జూచు డేవిడ్ హాస్యపాత్రయే గాని, ఆ హాస్యము వాని స్వభావమునుండి పుట్టినది, మతమునుండి కాదు. ఆమె మరియమాతను వేడుకొను పాట యొకటి కలదు. మా సంఘములలో ఆ ఆచారము లేదు. అయినను ఆ భక్తిని చిత్రము ఎగతాళి చేయలేదు.

అయితే చిక్కెక్కడ? మనుష్యుడెవరో పుట్టుకయే తేల్చునను భావన ఆ సుఖాంతమునందు మెత్తగా ఇమిడియున్నది. మా పిల్ల దానినే పట్టుకొనినది. పాలమూరు మెన్నొనైట్ సంఘములలో శిశువులకు బాప్తిస్మ మీయరు. ఎదిగి, తెలిసి, తానుగా విశ్వాసము నొప్పుకొనినవారికే ఇత్తురు. అనగా పుట్టుక చాలదని చెప్పుచు వచ్చిన సంఘ మిది. ఇట్లు తలపోయగా చూపుడువ్రేలు మావైపునకే తిరిగినది. మా యింట పుట్టినది గనుక మా అమ్మాయి క్రైస్తవురాలని మేమనుకొనుటలేదా? చిత్రకథ చేసిన పొరపాటునే మేమును చేయుచున్నాము గదా!

క్రైస్తవ చిత్రమను పేరున్నచో పరీక్ష అక్కరలేదను వారును కలరు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ను చూడుడు. విజయచందర్ క్రీస్తుగా నటించిన ఆ చిత్రము హిందీలో ‘దయాసాగర్’ అను పేర వెలసి, పల్లెపల్లెన తెరకట్టి చూపబడినది. చూచి కంటతడి పెట్టినవారిలో అన్యమతస్థు లెందరో. దానిపై మాకు గౌరవము కలదు. అయినను, అయిదేండ్ల పసివానికి కొరడాదెబ్బలు, మేకులు చూపవచ్చునా అని అడుగవలెను. తెరపైని ముఖమే ప్రభువు ముఖమని పిల్లవాడు ప్రార్థనలో తలచుకొనునేమో అడుగవలెను. సిలువవేయుడని కేకలిడు గుంపును చూచి, యూదులందరు దుర్మార్గులని నేర్చుకొనెనేమోయని మరింత శ్రద్ధతో అడుగవలెను.

పరీక్షించి మంచిని నిలుపుకొనుమని పౌలు థెస్సలొనీక సంఘమునకు బోధించినాడు. కన్నులు మూసికొని పరీక్షింపలేము, కలసి కూర్చుండవలెను. పసివారికైనచో ముందుగా మనమొకసారి చూచుట మేలు. ముగిసిన పిమ్మట ఉపన్యాసము మనది కారాదు, తొలిమాట పిల్లవానిది కావలెను. ఎవరు బొంకిరి, ఆ బొంకునకు మూల్యము చెల్లించినదెవరు, పనిమనిషి పాత్రకు పేరున్నదా, ఇట్టివి భోజనమువేళ తేలికగా అడుగవచ్చును. ఉత్తరము తప్పైనను తొందరపడి దిద్దరాదు. దిద్దినచో మరునాడు వాడు ఫోనుతో మేడపైకి పోవును.

మా అమ్మాయి ప్రశ్నకు తుదకు మేము ఉత్తరము చెప్పలేదు. మా తల్లిగారు చెప్పిరి. అంతసేపును మాటలాడక కూర్చున్నవారు, కండ్లజోడు తీసి తుడుచుకొనుచు, “పోతవా అని ఆ పిల్లను ఎవరన్న అడిగిన్రా బిడ్డా?” అనిరి.

పిల్ల ఆలోచనలో పడెను. కొంతసేపటికి మా తల్లిగారు, వచ్చు ఆదివారము ఏ చిత్రమని అడిగిరి.