మన యిండ్లలోని యుద్ధకాలపు గురుతులు

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధిదీపములను గురించి మాటలాడుటకు మీరు ఈ మందిరమునకు పలుమారు వచ్చియున్నారు. నేడు మేము ప్రస్తావింపబోవు విషయమునకు మీ బడ్జెటులో పద్దు లేదు. అది మీ యిండ్లలోనే, ట్రంకుపెట్టెల అడుగున, అటకల మీద, దేవుని గూటిలో పడియున్నది.

మునేటి యొడ్డుననున్న ఒక గ్రామమున మేమొక యింటికి పోయితిమి. ఎనుబది యేండ్లు దాటిన అవ్వ పసుపుగుడ్డ మూట విప్పి, ఆరు కోణముల లోహపు నక్షత్రమొకటి మా చేత బెట్టినది. "మా నాయన మిలిటరీ నుంచి తెచ్చుకున్నాడు బాబూ" అన్నది. అంతకు మించి ఆమెకు తెలియదు. దానిపైనున్న ఇంగ్లీషు అక్షరములను మనుమరాలు కూడబలుకుకొని చదివినది: బర్మా స్టార్. ఆయన ఏ పటాలమున చేరెనో, ఏ యేట పోయెనో, ఏ యేట తిరిగి వచ్చెనో చెప్పగల డిశ్చార్జి కాగితమును చెదలు తినివేసినవి.

ఆ నక్షత్రమును చూచినంత మాత్రమున ఆయన బర్మాలో పోరాడెనని చెప్పుటకు వీలులేదు. 1941 డిసెంబరు మొదలు 1945 సెప్టెంబరు వరకు బర్మా రంగమున ఉన్నవారికే గాక, నిర్ణీత కాలములందు అస్సాము, బెంగాలులలో పనిచేసిన వారికిని దాని నిచ్చిరి. ఆయన తుపాకి పట్టెనో, లారీ నడిపెనో, రోడ్డు వేసెనో, వంట చేసెనో ఆ లోహపు ముక్క చెప్పదు. అది ఇంటివారు చెప్పవలసిన మాట. చెప్పగలిగిన తరము దాదాపు వెళ్ళిపోయినది. విన్నవారు మాత్రము ఇంకను మిగిలియున్నారు. మేము నేడు మీ యెదుట నిలుచుటకు కారణమిదియే.

1914-18 నాటి యుద్ధపు వెండి పతకముల సంగతి కొంత నయము. వాని అంచును వెలుతురునకు పట్టి చూచినచో సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలము చెక్కబడి యుండును. అయితే పండుగ పండుగకు చింతపండుతో తోమి ఆ అక్షరములను అరగదీసిన యిండ్లున్నవి. అమ్మలారా, ఇత్తడి చెంబులను తోముడు, పతకములను తోమవలదు. పొడిగుడ్డతో తుడిచిన చాలును. ఆ యుద్ధమున చనిపోయిన వారి కుటుంబములకు అరచేతికంటె పెద్దదైన కంచుబిళ్ళను కూడ పంపిరి. దానిపై మృతుని పేరున్నది, హోదా లేదు. ప్రాణమిచ్చిన చోట అధికారికిని సిపాయికిని భేదముండరాదని అట్లు చేసిరి. బ్రతికియుండగా ఆ సమత్వమును పాటించిన జాడ అంతగా కానరాదు గాని, అది వేరు విషయము.

పరాయి రాజు కొరకు చేసిన యుద్ధపు బిళ్ళలను మనమేల దాచవలెనని మీలో కొందరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పతకముపై రాజు ముఖమున్న మాట నిజము. కాని జీతము కొరకో, అప్పు తీర్చుటకో, లోకము చూడవలెననియో పోయినవాడు మన ఊరి కుర్రవాడు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెము సమీపమున ఉన్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. తరతరములుగా సైన్యమునకు మనుష్యులను పంపిన ఆ గ్రామమునకు తన వారెవరో తెలియును. మన మెట్ట గ్రామములలో ఇంటికొక్కడు గాక ఊరికొక్కడు, ఇద్దరు పోయిన చోట్ల మరపు త్వరగా కమ్ముకొన్నది.

యుద్ధము అందరి యింటికిని మరొక రూపమున వచ్చినది. మొలత్రాటికి చిల్లికాణీ కట్టిన ముసలివారిని మీరెరుగుదురు. 1943లో లోహమును పొదుపుచేయుటకై కాణీకి నడుమ బెజ్జము పెట్టిరి. 1947 వరకు అట్లే ముద్రించిరి. 1940 నుండి రూపాయిలో వెండిని సగమునకు తగ్గించిరి. తాతగారి రూపాయలను వెండి తూకమునకు అమ్మబోయి కంసాలితో తగవు పడినవారు ఆ కంసాలిని నిందింపవలదు. ముందుగా నాణెముపైనున్న సంవత్సరమును చూచుకొనవలెను.

ఇక మన ప్రాంతమునకే చెందిన ముచ్చట. 1947 ఆగస్టు 15న ఇచ్చట మూడు రంగుల జెండా ఎగిరినను, జగ్గయ్యపేట పొలిమేర కావల నైజాము సంస్థానమే. అంతయేల, మన నడుమనే యున్న పరిటాల, మరికొన్ని గ్రామములతో కూడి, నైజాము ఏలుబడిలో ఉండెను. రజాకార్ల భయమున సరిహద్దు దాటి జనులు ఈవలకు వచ్చిరి. 1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుండి కదలిన భారత సైన్యము ఆ ఉదయమే కోదాడను, అపరాహ్ణమునకు మునగాలను చేరినది. 17వ తేదీన నిజాము పోరు విరమించెను. ఆ కాలపు గురుతులు మన యిండ్లలో ఎన్నియో యున్నవి: పేలిన తూటా గొట్టము, చెల్లని హాలీ సిక్కాలు, శిబిరమున తిన్న సత్తు పళ్ళెము. ఒక యింట మాకు పెద్ద ఇనుప తాళపుచెవిని చూపిరి. అది ఆవలి ఊరిలో విడిచివచ్చిన యింటిదట. ఆ యింటికి వారు మరల పోలేదు.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. గురుతులన్నియు న్యాయముగా వచ్చినవి కావు. రజాకార్ల దౌర్జన్యములు నిజము. పోలీసు చర్య పిదప నైజాము ప్రాంతమున పలుచోట్ల ముస్లిముల యిండ్లు దోపిడికి గురియగుటయు నిజమే. ఆ యేటి చివర కేంద్ర ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ బృందము దానిని నివేదికలో వ్రాసినది. మీ యింటిలోని పాన్‌దానో, ఉర్దూ అక్షరములున్న పళ్ళెమో ఎట్లు వచ్చెనో పెద్దలను అడుగుడు. కొన్నదైనచో కొన్నదని వ్రాయుడు. కానిచో అదియు వ్రాయుడు. ఇతరుల వస్తువును మన పరాక్రమ చిహ్నముగా పిల్లలకు చూపుట తగదు.

ఆయుధముల విషయమున జాగ్రత్త వలయును. మహర్నవమి నాడు పూజకు దించెడి పాత కత్తితో భయము లేదు. పనిచేయగల తుపాకి మాత్రము తాతలనాటిదైనను లైసెన్సు లేక ఉంచుకొనరాదు. పేలని గుండు, బాంబు వంటిది పొలమున దొరకినచో కదపక, సుత్తితో కొట్టక, పోలీసులకు తెలుపవలెను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై వేసిన బాంబులలో ఒకటి నేడు విశాఖ మ్యూజియమున ఉన్నది. దానిని చూచువారు తేదీతో సహా తెలిసికొని పోవుదురు. మన అవ్వ మూటలోని నక్షత్రమునకు ఆ భాగ్యము లేదు.

పంచాయతీ చేయదగిన పనికి ఖర్చు లేదు. ఒక పెద్ద నోటుపుస్తకము తెరువుడు. వస్తువును ఎవరును తీసికొనిపోవలదు. అది యింటనే ఉండవలెను. వస్తువేమి, ఎవరి నుండి వచ్చినది, ఏ యుద్ధము, ఏ యూరు, ఈ సంగతి చెప్పినదెవరు అను వివరములను హైస్కూలు పిల్లలచేత వ్రాయింపుడు. తెలియనిది తెలియదనియే వ్రాయవలెను. గొప్ప కొరకు కెప్టెనును చేయవలదు. తిరిగిరాని వారి పేర్లను కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము పట్టికలలో వెదకవచ్చును. నేడు అది ఫోనులోనే సాధ్యము. సమాధియైనను తెలియని సుమారు 27,000 మంది పేర్లు బర్మాలోని రంగూను స్మారకముపై చెక్కబడియున్నవి. ఏ తల్లి ఎదురుచూచిన పేరు అందున్నదో మన ఊరివారే వెదకి చూడవలెను. మాజీ సైనికుల కుటుంబములు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున కూడ విచారింపవచ్చును.

మేము మరల ఆ మునేటి యొడ్డు గ్రామమునకు పోయినపుడు అవ్వ ఆ మూటనే విప్పినది. నక్షత్రమునకు దారముతో చిన్న అట్టముక్క కట్టియున్నది. మనుమరాలు దానిపై ముత్తాత పేరు, ఊరి పేరు, పతకము పేరు వ్రాసినది. సంవత్సరమునకు చోటు ఖాళీగా ఉంచినది. పొరుగూరిలో ఆయనతో పోయినవారి కుమారుడున్నాడట. వచ్చే ఆదివారము పోయి అడిగెదనని చెప్పినది.